5-4-3 రూల్‌ని తీసేయకండి, సరిగ్గా చెప్పండి

నెట్‌వర్కింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లిన పిల్లల్ని ఇప్పటికీ కొందరు అడుగుతున్నారు: "5-4-3 రూల్ అంటే ఏంటి?" పిల్లలు తడుముకోకుండా చెప్పేస్తారు. పాత ఈథర్నెట్‌లో (కంప్యూటర్లని కేబుల్‌తో కలిపే పద్ధతి) ఎక్కువలో ఎక్కువ ఐదు సెగ్మెంట్లు, అంటే కేబుల్ ముక్కలు, వాటిని కలుపుతూ సిగ్నల్‌ని మళ్లీ బలంగా పంపే నాలుగు రిపీటర్లు, మూడు సెగ్మెంట్లలోనే కంప్యూటర్లు. అడిగినాయన తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాడు. ఐదే ఎందుకు, ఆరోది పెడితే ఏమవుతుంది అని మాత్రం అడగడు. అడిగితే జవాబు సరిచూడ్డం ఆయనకే కష్టం కావచ్చు.

ఇంకో వర్గం ఉంది. "హబ్బులు పోయాయి, కోయాక్స్ పోయింది, ఇంకా ఈ గోల దేనికి, సిలబస్‌లోంచి పీకేయండి" అంటారు వీళ్లు. (హబ్ అంటే కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే డబ్బా, కోయాక్స్ అంటే టీవీ కేబుల్ లాంటి గుండ్రటి కేబుల్.) చాలాకాలంగా కేబుల్ పనులు చేయిస్తూ, వీలున్నప్పుడు పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి నేను. నా మాట ఈ రెండు వర్గాలకీ రుచించదు. ఈ రూల్‌లో అంకెలకి ఇవాళ విలువ లేదు, నిజమే. వాటిని పుట్టించిన లెక్క మాత్రం నెట్‌వర్కింగ్‌లో నాకు తెలిసిన పాఠాలన్నిటిలోకీ మంచిది. మనవాళ్లు లెక్కని ఎప్పుడో వదిలేసి అంకెల్ని పట్టుకున్నారు. ఇప్పుడు అంకెలు పాతబడ్డాయని లెక్కని కూడా పారబోస్తామంటున్నారు.

అసలు సంగతి కేబుల్ దగ్గర మొదలవుతుంది. 1973లో జిరాక్స్ వాళ్ల పార్క్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ రాసిన మెమోతో ఈథర్నెట్ ఆలోచన కాగితం మీదికొచ్చింది. 1980లో డెక్, ఇంటెల్, జిరాక్స్ కంపెనీలు కలిసి సెకనుకి 10 మెగాబిట్ల స్పెసిఫికేషన్ విడుదల చేశాయి. 1983లో ఇంజనీర్ల సంఘం ఐట్రిపుల్‌ఈ వాళ్ల 802.3 ప్రమాణం ఆమోదం పొందింది. అప్పటి ఈథర్నెట్ అంటే ఒకటే లావుపాటి కోయాక్స్ కేబుల్, సాధారణంగా పసుపు రంగుది. దాని మీద ప్రతి 2.5 మీటర్లకీ ఒక నల్ల గుర్తు. ఆ గుర్తు దగ్గరే పిన్ను గుచ్చి ట్రాన్స్‌సీవర్ (కేబుల్ మీద సిగ్నల్ పంపే, వినే చిన్న డబ్బా) తగిలించాలి. ఎక్కడపడితే అక్కడ గుచ్చితే, ఒక్కో ట్యాపు దగ్గర వెనక్కి తిరిగే కాస్త కాస్త సిగ్నలూ ఒకదానికొకటి తోడై పెద్దదవుతుంది. ఒక సెగ్మెంట్ 500 మీటర్లకి మించకూడదు, దాని మీద 100 ట్రాన్స్‌సీవర్లకి మించకూడదు. ఇది సిగ్నల్ బలానికి సంబంధించిన హద్దు. దీన్ని పక్కన పెట్టుకోండి, ఎందుకంటే రెండో హద్దుకీ దీనికీ సంబంధం లేదు. పాఠాల్లో రెండింటినీ కలిపి గందరగోళం చేస్తుంటారు.

రెండోది కాలానికి సంబంధించిన హద్దు. 10 మెగాబిట్ల వేగంలో ఒక బిట్టు పంపడానికి 100 నానోసెకన్లు పడుతుంది. లావు కోయాక్స్‌లో సిగ్నల్ కాంతి వేగంలో 77 శాతం వేగంతో పోతుంది, అంటే సెకనుకి 2 లక్షల 31 వేల కిలోమీటర్లు. గుణించి చూస్తే కేబుల్ మీద ఒక్కో బిట్టు పొడవు 23 మీటర్లు! క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. 500 మీటర్ల సెగ్మెంట్ మీద ఏ క్షణంలో చూసినా పట్టేది 21, 22 బిట్లు మాత్రమే.

ఇప్పుడు రెండు కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడాయనుకోండి. సిగ్నళ్లు రెండూ ఢీకొంటాయి. కొలిజన్. ఈథర్నెట్ పద్ధతిలో పంపేవాడు తన మాట ఇంకా పూర్తి కాకముందే కొలిజన్ జరిగిందని తెలుసుకోవాలి. తెలిస్తేనే ఆపి, కాసేపాగి, మళ్లీ పంపుతాడు. ఫ్రేము (ఒక విడతలో పంపే బిట్ల మూట) పూర్తిగా వెళ్లిపోయాక కబురొస్తే లాభం లేదు, కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు అప్పటికే "పంపేశాను" అనుకుని దాన్ని మర్చిపోతుంది. అతి చిన్న ఫ్రేము 64 బైట్లు, అంటే 512 బిట్లు, అంటే 51.2 మైక్రోసెకన్లు. నెట్‌వర్క్‌లో ఈ చివర బయల్దేరిన సిగ్నల్ ఆ చివరికి పోయి, అక్కడ ఢీకొని, ఆ కబురు వెనక్కి రావడం ఈలోపు అయిపోవాలి. 5-4-3 రూల్ మొత్తానికి మూలం ఇంతే.

అయితే ఇక్కడ బుర్రున్న పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. 512 బిట్లని 23 మీటర్లతో గుణిస్తే దాదాపు 12 కిలోమీటర్లు వస్తోంది కదా, రానూపోనూ చెరిసగం చేసినా 6 కిలోమీటర్ల నెట్‌వర్క్ వెయ్యొచ్చు కదా, మరి 2.5 కిలోమీటర్లకే ఎందుకు ఆపారు? నాకు ఈ ప్రశ్న అంటే ప్రాణం. ఐదు సెగ్మెంట్ల 2,500 మీటర్ల కేబుల్‌లో రానూపోనూ ఖర్చయ్యేది 216 బిట్ల కాలమే. మిగతాది దారిలో ఉన్న డబ్బాలు తినేస్తాయి. రిపీటర్ సిగ్నల్‌ని విని, గుర్తుపట్టి, శుభ్రం చేసి అవతలికి పంపడానికి కొంత సమయం. ప్రతి ట్రాన్స్‌సీవర్‌కీ కొంత. ట్రాన్స్‌సీవర్ నుంచి రిపీటర్‌కో కంప్యూటర్‌కో వచ్చే ఏయూఐ కేబుల్ 50 మీటర్ల దాకా ఉండొచ్చు, దానికి కొంత. కొలిజన్‌ని పసిగట్టడానికి కొంత.

ఈ ఖర్చులన్నీ 802.3 ప్రమాణంలో పట్టికగా ఉన్నాయి. దాన్ని మోడల్ 2 అంటారు. 5-4-3 అనేది మోడల్ 1, అంటే లెక్క చేసే ఓపిక లేనివాళ్ల కోసం పెట్టిన అడ్డదారి. మన నోట్సుల్లోకి అడ్డదారి వచ్చింది, అసలు దారి రాలేదు. మోడల్ 2లో చూడాల్సినవి రెండే. ఒకటి, రానూపోనూ ఆలస్యం 575 బిట్ టైములు దాటకూడదు (511 ఫ్రేము బిట్లు, వినేవాడు సిద్ధం కావడానికి వాటికి ముందు పోయే ప్రియాంబుల్ బిట్లు 64). రెండోది గ్యాప్. రెండు ఫ్రేముల మధ్య 96 బిట్ల ఖాళీ ఉండాలి. ప్రతి ఫ్రేముకీ ముందుండే ప్రియాంబుల్‌లో దారిలో పోగొట్టుకున్న బిట్లని రిపీటర్ తిరిగి పూరిస్తుంది. ముందు ఫ్రేములో ఎక్కువ బిట్లు పోయి, వెనక ఫ్రేములో తక్కువ పోతే, పూరించిన మేరకు ముందుది వెనక్కి జరిగి మధ్యలో ఖాళీ ఇరుకవుతుంది. రిపీటర్లు పెరిగేకొద్దీ ఇంకా ఇరుకవుతుంది. ఆ తగ్గుదల 49 బిట్లు దాటితే అవతలి కార్డు ఒక ఫ్రేము నుంచి తేరుకునేలోపే రెండోది వచ్చిపడుతుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఐదు సెగ్మెంట్లూ 500 మీటర్ల లావు కోయాక్సే అనుకోండి. పట్టిక ప్రకారం ఆలస్యం 537 బిట్ టైములు. పర్లేదు, 575 లోపే ఉంది. నాలుగు రిపీటర్లకీ రెండేసి వైపులా, చివరి కంప్యూటర్లు రెంటికీ కలిపి పది ఏయూఐ కేబుళ్లు. అవన్నీ పూర్తి పొడవు వాడితే ఇంకో 49 కలుస్తుంది. మొత్తం 586. హద్దు దాటింది. గ్యాప్ లెక్క సరిగ్గా 49 దగ్గరికొచ్చి ఆగుతుంది, ఊపిరి సలపదు. ఐదు సెగ్మెంట్ల దారిలో మూడే కోయాక్స్ ఉండాలి, రెండు లింక్ సెగ్మెంట్లుగా (రెండే చివరలుండి, మధ్యలో కంప్యూటర్లు తగిలించని కేబుళ్లు) ఉండాలి అన్న మాటకి కారణం ఈ లెక్కలో కనిపిస్తుంది. దారిలో నాలుగే సెగ్మెంట్లుంటే? నాలుగూ కోయాక్సే పెట్టుకోవచ్చు, మోడల్ 1 కూడా ఒప్పుకుంటుంది. "మూడింట్లోనే కంప్యూటర్లు" అని బట్టీపట్టినవాడికి ఈ సంగతి తెలిసే దారే లేదు.

ఇంకా సరదా అయినది హబ్బుల లెక్క. 1990లో 10బేస్-టి అనే ఈథర్నెట్ రకం వచ్చాక కోయాక్స్ బదులు జంట తీగల కేబుల్, మధ్యలో హబ్. హబ్ అంటే చాలా పోర్టులున్న రిపీటర్, అంతే. 100 మీటర్ల కేబుళ్లతో నాలుగు హబ్బులు వరసగా కలిపితే ఆలస్యం 363 బిట్ టైములు, గ్యాప్ తగ్గుదల 34.5. ఐదో హబ్ పెట్టండి. ఆలస్యం 416, గ్యాప్ 42.5. రెండూ హద్దులోపే! రూల్ ప్రకారం తప్పు, లెక్క ప్రకారం ఒప్పు. ఆరోది పెడితే గ్యాప్ 50.5 అయి బోల్తా కొడుతుంది. చూశారా, ఆరో హబ్ దగ్గర మనల్ని ఆపుతున్నది దూరం కాదు, కొలిజన్ ఆలస్యం కూడా కాదు. ఎవరూ పట్టించుకోని ఆ గ్యాప్. అలాగని సైటు మీద ఐదు హబ్బులు పెట్టమని నేను ఎవరికీ చెప్పలేదు. హద్దు ఎక్కడుందో తెలిసి నాలుగు దగ్గర ఆగడం వేరు, తెలియక ఆగడం వేరు.

హబ్బుల కాలంలో "మూడు" అనే అంకెకి అర్థమే పోయింది. హబ్‌కీ హబ్‌కీ మధ్య కేబుల్ మీద కంప్యూటర్ పెట్టే వీలే లేదు, దానికి రెండే చివరలు. నాలుగు హబ్బులకీ కంప్యూటర్లు తగిలించుకోవచ్చు. అమీర్‌పేట కోచింగుల్లో చేతులు మారే నోట్సుల్లో మాత్రం నాలుగు హబ్బుల బొమ్మ గీసి, మధ్య హబ్బులకి కంప్యూటర్లు పెట్టకూడదని రాసి ఉండటం నేను చూశాను. ఇంకో అపోహ, మొత్తం నెట్‌వర్క్‌లోనే నాలుగు రిపీటర్లని. రూల్ చెప్పేది ఏ రెండు కంప్యూటర్ల మధ్య దారిలోనైనా నాలుగని. చెట్టు కొమ్మల్లా విడదీస్తే మొత్తం హబ్బులు ఇంకెన్నో ఉండొచ్చు. ఆ నాలుగు కూడా మొదట్నుంచీ ఉన్నది కాదు. డెక్, ఇంటెల్, జిరాక్స్ వాళ్ల తొలి స్పెసిఫికేషన్‌లో దారికి రెండు రిపీటర్లే.

రూల్ తప్పితే ఏమవుతుందో కూడా పాఠాల్లో చెప్పరు. "పనిచేయదు" అంటారు. పనిచేస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసు వాళ్లు నెట్‌వర్క్ స్లోగా ఉందని పిలిచారు. ముందు గదిలో ఒక హబ్, అక్కణ్ణుంచి అకౌంట్స్‌కి ఒకటి, అక్కణ్ణుంచి పై అంతస్తుకి, మళ్లీ కిందికి, వెనక గోడౌనుకి. కొత్త టేబుల్ వేసినప్పుడల్లా హార్డ్‌వేర్ అమ్మే ఆయన ఇంకో హబ్ తగిలించి పోయాడు, వరస ఐదుతో ఆగకుండా చాలా పొడవైంది. పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే పరీక్ష) కొడితే జవాబులు వస్తున్నాయి, మధ్యలో ఒకటీ అరా పోతున్నాయి. ఉదయం బాగానే ఉంటుంది. మధ్యాహ్నం గోడౌన్ వాళ్లు బిల్లులు కొట్టడం మొదలుపెడితే అకౌంట్స్ ప్రోగ్రాం బిగుసుకుపోతుంది. వైరస్ అన్నారు, కేబుల్ ఎలక కొరికిందన్నారు, సర్వర్‌లో ర్యామ్ కూడా పెంచారట పాపం.

జరిగేది లేట్ కొలిజన్. పెద్ద ఫ్రేము పంపుతుంటే 512 బిట్లు దాటాక కొలిజన్ కబురొస్తుంది. కార్డు దాన్ని తప్పుగా నమోదు చేసుకుంటుంది కానీ మళ్లీ పంపదు. చిన్న ఫ్రేము అయితే కబురొచ్చేలోపే పోవడం పూర్తయి ఉంటుంది, కార్డుకి తెలియను కూడా తెలియదు. పోయిన ఫ్రేముని పైనున్న టీసీపీ అనే సాఫ్ట్‌వేర్ గమనించి మళ్లీ పంపాలి. కార్డు అయితే మైక్రోసెకన్లలో తేల్చేసే పనికి టీసీపీ సెకను దాకా ఎదురుచూడొచ్చు. అందుకే ఎక్కడా తెగిపోయినట్టు ఉండదు, అంతా స్లోగా ఉన్నట్టు ఉంటుంది. ట్రాఫిక్ తక్కువున్నప్పుడు ఢీకొట్టుకోవడాలే తక్కువ కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆ వరసలో మధ్య హబ్ తీసేసి ఒక చవక స్విచ్ పెడితే తగ్గిపోయింది. గొలుసు రెండు ముక్కలై, ఒక్కో ముక్కకి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది. స్విచ్ ఫ్రేముని లోపలికి తీసుకుని, అవతలి వైపు తన సొంత ఫ్రేములా కొత్తగా పంపుతుంది. ఇటు కొలిజన్ అటు పోదు.

స్విచ్ చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. అంతకుముందు ఇదే పని చేసే బ్రిడ్జిలున్నాయి, కానీ పోర్టులు తక్కువ, ధర ఎక్కువ. 1990లో కల్పన అనే అమెరికన్ కంపెనీ ఈథర్‌స్విచ్ తెచ్చింది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో వినోద్ భరద్వాజ్ ఒకరు. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. 1997లో ఫుల్ డ్యూప్లెక్స్ ప్రమాణంలోకి వచ్చాక, రెండు వైపులా ఒకేసారి మాట్లాడుకునే లింకులో కొలిజన్ అన్న మాటే లేకుండా పోయింది.

దీనికి సమాంతరంగా జరిగిన కథ నాకు ఇంకా ఇష్టం. 1995లో ఫాస్ట్ ఈథర్నెట్ వచ్చింది. వేగం పది రెట్లు పెరిగింది, చిన్న ఫ్రేము 512 బిట్లే ఉంచారు. అంటే కబురు తిరిగి రావడానికి ఉన్న గడువు 51.2 నుంచి 5.12 మైక్రోసెకన్లకి పడిపోయింది. కాంతి వేగం మన కోసం పెరగదు కదా! రాగి తీగ మీద నెట్‌వర్క్ మొత్తం 205 మీటర్లకి కుదించుకుపోయింది. తక్కువ ఆలస్యం చేసే క్లాస్ 2 రిపీటర్లు రెండు, వాటి మధ్య 5 మీటర్ల కేబుల్. ఎక్కువ ఆలస్యం చేసే క్లాస్ 1 అయితే ఒక్కటే రిపీటర్, 200 మీటర్లు. 1998లో గిగాబిట్ దగ్గర ఇంకో పదో వంతుకి దిగితే ఒక గదికి కూడా చాలదని, ఒక్కో చిన్న ఫ్రేము వెనకా ఉత్తుత్తి బిట్లు తగిలించి గడువుని 4,096 బిట్లకి సాగదీశారు. ఇంత కష్టపడి కాగితం మీద బతికించిన గిగాబిట్ హబ్‌ని మార్కెట్ అడగలేదు. 2002లో 10 గిగాబిట్ వచ్చేసరికి హాఫ్ డ్యూప్లెక్స్‌ని, అంటే ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాల్సిన పద్ధతిని, పూర్తిగా వదిలేశారు. ఈ వరసంతా ఒక్క భాగహారం. 5-4-3ని లెక్కగా నేర్చుకున్న కుర్రాడు ఇది వినగానే తర్వాతి మెట్టు తనే చెబుతాడు. అంకెలుగా నేర్చుకున్నవాడు మళ్లీ కొత్త అంకెలు బట్టీపడతాడు.

"సరేనండీ, కానీ ఇవన్నీ మ్యూజియం సరుకే కదా" అనే వాదన ఒకటుంది. నాకు సైట్ల మీద ఎదురయ్యేది వేరు. "నాలుగు స్విచ్‌లకి మించి వరసగా కలపకూడదు సార్" అని నాకే చెప్పే టెక్నీషియన్లు ఉన్నారు. పాత రూల్ వేషం మార్చుకుని వచ్చింది. స్విచ్‌ల వరసకి ఆ హద్దు లేదు. పాత స్పానింగ్ ట్రీ ప్రమాణం (స్విచ్‌ల మధ్య దారులు వలయంగా తిరగకుండా చూసేది) మామూలు టైమర్లతో ఏడు బ్రిడ్జిల దూరం దాటొద్దని సలహా ఇచ్చింది, దానికి కారణం వేరు. చవక స్విచ్‌ల గొలుసులో నిజంగా చూడాల్సింది చివరి కేబుల్ మీద పడే బరువు. కెమెరాకి 4 మెగాబిట్లు అనుకుందాం, స్విచ్‌కి ఎనిమిది కెమెరాలు, వరసగా నాలుగు స్విచ్‌లు. రికార్డర్ దగ్గరికొచ్చే కేబుల్ మీద 128 మెగాబిట్లు. అది 100 మెగాబిట్ల పోర్టు అయితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. మూడు స్విచ్‌లైతే 96, అప్పుడూ నిండినట్టే. అందువల్ల ఆ టెక్నీషియన్ మాట యాదృచ్ఛికంగా నిజమవుతుంది, ఆయన నమ్మకం ఇంకా గట్టిపడుతుంది!

సీసీ కెమెరాల పీఓఈ స్విచ్‌లు (కేబుల్‌లోనే కరెంటు కూడా ఇచ్చేవి) చాలావాటి మీద ఇంకో చిన్న మీట ఉంటుంది, పక్కన "ఎక్స్‌టెండ్" అని రాసి. దాన్ని నొక్కితే 100 మీటర్ల కేబుల్ 250 మీటర్ల దాకా పనిచేస్తుందంటారు. ఎలా? పోర్టు వేగం 10 మెగాబిట్లకి దిగుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ అంత తొందరగా నీరసపడదు. కొలిజన్ లేనిచోట 100 మీటర్లు అనేది కాలం హద్దు కాదు, సిగ్నల్ బలం హద్దు అని ఆ మీట ఒక్క సెకనులో చూపిస్తుంది. మొదట్లో రెండు హద్దుల్నీ విడిగా పెట్టుకోమన్నది ఇందుకే.

వైఫైలో అయితే కాలం హద్దు ఇంకా బతికే ఉంది. ఒకే ఛానెల్ మీద నడిచే రిపీటర్ ప్రతి ఫ్రేమునీ ఒకసారి వినాలి, మళ్లీ ఒకసారి పలకాలి, కాబట్టి గాలిలో సమయం రెట్టింపు ఖర్చవుతుంది. వేగం సగం. దాని వెనక ఇంకో రిపీటర్ పెట్టి, నెట్ కంపెనీని తిట్టుకునే ఇళ్లు ఎన్నో చూశాను. ఊళ్లో ఒక బిల్డింగ్ మీంచి కిలోమీటర్ల అవతలి బిల్డింగ్‌కి రేడియో లింక్ వేసేవాళ్లు డిష్షులో దూరం సెట్టింగ్ మార్చకపోతే, అవతలి జవాబు వచ్చేలోపే ఇవతలి రేడియో రాలేదనుకుని మళ్లీ పంపేస్తుంది. కబురు తిరిగి రావడానికి పట్టే కాలం, అదే పాత లెక్క.

అన్నిటికంటే విచిత్రం, అందరూ ఒకే తీగని పంచుకునే ఈథర్నెట్ మళ్లీ వచ్చింది. 2019లో 802.3సీజీ ప్రమాణంలో 10బేస్-టి1ఎస్ అని చేర్చారు. ఒకే జంట తీగ, దాని మీదే అందరూ, 10 మెగాబిట్లు. కార్లలో చిన్న చిన్న సెన్సర్లకి, యంత్రాల కంట్రోలర్లకి ఒక్కోదానికి విడిగా కేబుల్ లాగే ఖర్చు తగ్గించడానికి. ఇందులో కొలిజన్లని తప్పించడానికి పీఎల్‌సీఏ అనే పద్ధతి పెట్టారు. ఒక నోడ్ (తీగకి తగిలించిన పరికరం) వరస మొదలైందని సంకేతం ఇస్తుంది, మిగతావి తమ వంతు వచ్చినప్పుడు మాట్లాడతాయి, చెప్పేదేం లేకపోతే వంతు పక్కవాడికి పోతుంది. దీని గురించి చదివితే 25 మీటర్లు, ఎనిమిది నోడ్లు అన్న అంకెలు కనిపిస్తాయి. ప్రమాణం చెప్పేది కనీసం 25 మీటర్లు, కనీసం ఎనిమిది నోడ్లు పనిచేయాలని. వాటిని గరిష్ఠ హద్దుగా నోట్సుల్లో రాసుకుంటే, సాయంత్రానికల్లా మనకి 25-8 రూల్ అని కొత్తది తయారవుతుంది.